టైలరక్క కాపు కాసిన మడుగు

మా వీధిలో టైలరక్క అంటే తెలియనివాళ్ళు లేరు. ఆవిడ ఇల్లూ షాపూ కింద, పైవాటాలో నేను అద్దెకుంటాను. పగలంతా కళ్ళజోళ్ళ దుకాణంలో పని, సాయంత్రం మెట్లెక్కే ముందు ఆవిడ షాపులో కాసేపు కబుర్లు. అందుకని ఈ కథలో సగం నా కళ్ళతో చూసిందే, మిగతా సగం ఆవిడ నోట, వాళ్ళాయన నోట విన్నది. వాళ్ళాయన చెప్పిన దాంట్లో కొంత తగ్గించుకుని వినాలి, అది వేరే సంగతి.

మా ఇళ్ళ వెనకాల నుంచి రైలు కట్ట దాకా పెద్ద మడుగు ఉంది. సగం నీళ్ళు, సగం బురద, మధ్యలో మనిషెత్తు జమ్ము. పుస్తకాల్లో చిత్తడి నేల అంటారట. మేము మాత్రం వెనక బురద అనేవాళ్ళం. ఇంట్లో పాడైపోయిన పరుపుంటే "వెనక పడెయ్" అనేవాళ్ళం. అక్క షాపుకి ఆ వైపు ఒక కిటికీ ఉండేది గానీ, వాసనకీ దోమలకీ భయపడి దానికి మేకులు కొట్టించేసింది. పట్టపగలు లైటు వేసుకుని కుట్టేది. "ఆ బురద ఎవరైనా పూడ్చి పుణ్యం కట్టుకుంటే బాగుణ్ణు" అని రోజుకోసారి అనేది. దోమల మాటెత్తితే, "నేను బట్టలు కుడుతున్నాను, అవి నన్ను కుడుతున్నాయి, ఎవరి పని వాళ్ళది" అనేది.

అలాంటి మనిషి దగ్గరికి ఒకరోజు డ్రాయింగు టీచరు వచ్చింది. ఆవిడ ఏదో బడిలో పిల్లలకి బొమ్మలు నేర్పి రిటైరైంది. చేతిలో కర్ర, మోకాలికి పట్టీ, నెత్తిమీద పెద్ద టోపీ. ఆవిడా మరికొంతమందీ కలిసి ఆదివారాలు మడుగులోంచి చెత్త తీస్తుంటారని మాకు తెలుసు. పని లేనివాళ్ళు అనుకునేవాళ్ళం.

"అమ్మా, మీరు పొడుగ్గా ఏదైనా కుడతారా?" అని అడిగింది టీచరు.

"ఎంత పొడుగు? గౌనా, కర్టెనా?"

"కాలవంత."

అక్క మెడలో టేపు తీసి దాని పొడుగు చూసుకుంది. అప్పుడు టీచరు విడమరిచి చెప్పింది. ఊళ్ళోంచి వచ్చే మురుగు కాలవ మడుగులో కలిసే చోట ప్లాస్టిక్ సంచులూ సీసాలూ కొట్టుకొస్తున్నాయి. ఎంత తీసినా మళ్ళీ వస్తున్నాయి. కాలవకి అడ్డంగా నీటిమీద తేలే తెర ఒకటి కడితే చెత్త అక్కడే ఆగుతుంది, తీయడం సులువవుతుంది. గట్టి టార్పాలిన్ గుడ్డ వాళ్ళ దగ్గరే ఉంది. పైన గొట్టంలాగా మడిచి కుడితే అందులో ఖాళీ సీసాలు దూర్చి తేలేట్టు చేస్తామంది.

అక్కకి మడుగు మీద ప్రేమ లేదు గానీ పని మీద పట్టుదల ఉంది. ఇంత పెద్ద కుట్టు తన జన్మలో కుట్టలేదు. షాపులో పట్టక వీధిలో పరిచి, లావు సూది వేసి, నైలాన్ దారంతో కుట్టింది. తెగకూడదని దగ్గర దగ్గరగా, మూడు వరసలు వేసింది. వాళ్ళాయన లిఫ్టు మెకానిక్కు, ఎవరినైనా ఆటపట్టించందే ముద్ద దిగదు. గుడ్డ చివర పట్టుకుని నిలబడి, "ఏ రాక్షసి కొలతలే ఇవి? నడుము ఎక్కడుందో తెలియట్లేదు" అన్నాడు.

వారం తిరక్కుండా టీచరు మళ్ళీ వచ్చింది. మొహమాటపడుతూ గుమ్మంలోనే నిలబడి, "కుట్టు దగ్గర తెగిందమ్మా" అంది.

అక్క మొహం ఎర్రబడింది. "నా కుట్టు తెగదండీ. గుడ్డ చిరిగితే చిరగొచ్చు. నా కుట్టు మాత్రం తెగదు."

"రండి, మీరే చూద్దురుగాని."

అంతే. మిషను మీద ఎవరిదో చొక్కా సగంలో ఉండగానే అక్క చెప్పులేసుకుని బయలుదేరింది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆవిడ మడుగు గట్టు మీద అడుగుపెట్టడం అదే మొదటిసారి.

తెర రెండు ముక్కలై కాలవ ఒడ్డున పడి ఉంది. అక్క వంగి, అంచుల్ని వేళ్ళతో తడిమి చూసింది. దారం చెక్కు చెదరలేదు. కానీ చిరుగు సరిగ్గా కుట్టు పక్కనే, గీత గీసినట్టు వచ్చింది. ఆవిడకి సంగతి తెలిసిపోయింది. దగ్గర దగ్గరగా సూదిపోట్లు పొడవడం వల్ల గుడ్డ తపాలా బిళ్ళల కాగితంలా తయారైంది. నీళ్ళు కాస్త తోసేసరికి ఆ గీత వెంబడే చిరిగిపోయింది. మరీ గట్టిగా కుట్టాలని చూసి తనే దాన్ని బలహీనం చేసింది.

"తప్పు నాదే. దీన్ని ఇంకోలా కుట్టాలి. నీళ్ళు ఎక్కడ తోస్తున్నాయో చూడాలి నేను" అని ఒడ్డు దిగబోయింది. టీచరు ఆగమనేలోపు ఎడమకాలు మోకాలి దాకా దిగిపోయింది.

"లాగకండి! లాగితే ఇంకా దిగుతుంది. మడమ మెల్లగా ఎత్తండి, ముందు కాలి కిందికి గాలి పోనివ్వండి."

కాలు వచ్చింది. చెప్పు రాలేదు. ఒంటి చెప్పుతో, బురద కాలితో అక్క గట్టు మీద కూలబడింది. టీచరు కూడా పక్కనే కూర్చుంది. కోపం వస్తుందనుకుంటే నవ్వొచ్చిందట అక్కకి. ఆ నవ్వులో ఉండగా ఎదురుగా నీళ్ళ మీద ఒక చిన్న పిట్ట కనిపించింది. ముద్దగా, తోకే లేనట్టుగా ఉంది. నాచు, తుంగాకు కుప్పగా పేర్చిన గూడొకటి నీటిమీద తేలుతోంది, దానిమీద కూర్చుంది. వీళ్ళ అలికిడికి లేచింది. లేచి ఊరికే పోలేదు. ముక్కుతో తడి ఆకులు ఒక్కొక్కటే లాగి గుడ్లమీద కప్పి, అప్పుడు బుడుంగున మునిగింది. ఎక్కడో దూరంగా తేలింది.

"ఓయమ్మో, దుప్పటి కప్పి మరీ వెళ్ళిందే!" అంది అక్క.

"బుడుబుంగ. ఎప్పుడు లేచినా అలాగే కప్పి వెళ్తుంది" అంది టీచరు.

అక్క ఇంకో గంట అక్కడే కూర్చుంది. పిట్ట తిరిగొచ్చి, దుప్పటి తీసి, గుడ్లమీద సర్దుకుని కూర్చునేదాకా కదల్లేదు. షాపు ముందు చొక్కా ఆయన వచ్చి, తలుపు తీసే ఉన్నా మనిషి లేదని తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ సంగతి నాకు తెలుసు, ఎందుకంటే ఆ చొక్కా నా షాపు యజమానిది.

రెండో తెర వేరేగా వచ్చింది. కుట్లు దూరం దూరంగా వేసి, ప్రతి కుట్టు కింద మందపాటి పట్టీ పెట్టింది. కింది సగానికి గుడ్డ తీసేసి చేపల వల అతికించింది. నీళ్ళు పోతాయి, చెత్త ఆగుతుంది. వల ఆలోచన టీచరుది, పట్టీ ఆలోచన అక్కది, సీసాల మూతలు ఊడకుండా గట్టిగా బిగించింది వాళ్ళాయన. ఈసారి తెర నిలబడింది. మొదటి ఆదివారం దాని దగ్గర పోగైన చెత్త చూసి అక్క నోరెళ్ళబెట్టింది. ఆ తర్వాత ఆదివారం ఎవరూ పిలవకుండానే వెళ్ళింది. ఆపై వారం వాళ్ళాయన చేత కిటికీ మేకులు పీకించి, మిషను వెలుతురు వైపు తిప్పించుకుంది.

ఇంట్లో దీని మీద పెద్ద రభసే జరిగింది. ముఖ్యంగా అత్తగారు. ఆవిడ కాళ్ళు సహకరించక కుర్చీలోంచి లేవదు, కానీ నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.

"ఏమమ్మాయ్, ఇంట్లో బూజు దులపవు గానీ, చెరువుకి బూజు దులపడానికి వెళ్తున్నావా?"

"చెరువు కాదత్తయ్యా, మడుగు."

"ఏదైతేనేం, కాళ్ళు కడుక్కునిరా ముందు."

ఆవిడ సణిగేది గానీ, సాయంత్రం కాగానే "ఇవాళ ఏం కనిపించిందే?" అని అడిగేది. లకుముకి పిట్ట చేపని కొమ్మకేసి కొట్టి మరీ మింగిందని చెబితే, "మీ మామగారూ అంతే, అప్పడం కూడా నాలుగు ముక్కలు చేస్తే గానీ తినేవారు కాదు" అనేది.

ఇలా ఉండగా టీచరు ఒక మెలిక పెట్టింది. పక్క వీధి బడిలో పిల్లలకి మడుగు గురించి చెప్పాలి, ఈసారి అక్కే చెప్పాలి.

"నాకు కొలతలు చెప్పడం తప్ప మాటలు రావు, టీచరుగారూ" అని అక్క ఎంత మొత్తుకున్నా ఆవిడ వినలేదు. రెండు పేజీలు రాసిచ్చింది. అక్క మిషను తొక్కుతూ, కూర తరుగుతూ, స్నానాలగదిలో కూడా బట్టీ పట్టింది. పైనున్న నాకు కూడా వచ్చేసింది ఆ ఉపన్యాసం.

ఆ రోజు తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. హాల్లో పిల్లలు కింద కూర్చున్నారు. అక్క మైకు ముందు నిలబడి, "గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులకూ, ఉపాధ్యాయులకూ…" అంది. అక్కడితో ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ అక్కడే ఆగింది. పిల్లలు నవ్వడం మొదలెట్టారు. నాకు నేలలోకి దూరిపోదామనిపించింది, ఇక ఆవిడ సంగతి చెప్పక్కర్లేదు.

ముందు వరసలో ఒక పిల్ల కూర్చుంది. చొక్కా చెయ్యి భుజం దగ్గర కుట్టు వీడి వేలాడుతోంది. అక్క కళ్ళు ఆ చేతి మీద పడ్డాయి. ఇక అక్కణ్ణించి కదల్లేదు.

"ఇలా రామ్మా" అని పిలిచింది. కుర్చీ లాక్కుని కూర్చుని, సంచీలోంచి సూదీ దారం తీసి, ఆ పిల్ల భుజం కుట్టడం మొదలెట్టింది. కుడుతూ కుడుతూ, తల ఎత్తకుండానే, "మా ఇంటి వెనకాల ఒక పిట్ట ఉంది. బయటికెళ్ళేటప్పుడు గుడ్లకి దుప్పటి కప్పి వెళ్తుంది" అంది, పక్కింటావిడతో చెప్పినట్టు.

నవ్వుతున్న పిల్లలు కాస్త ముందుకి జరిగారు.

చేతులకి పని దొరికితే ఆవిడకి మాట వస్తుందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు, ఆవిడకి కూడా. బుడుబుంగ గురించి చెప్పింది. తూనీగ రెక్కలు రాకముందు నీళ్ళలోనే పెరుగుతుందని చెప్పింది. ఒకడు లేచి, "మరి మడుగులో దోమలు కూడా పుడతాయి కదండీ?" అన్నాడు.

"ఎందుకు పుట్టవు? నన్ను కుట్టని దోమ లేదక్కడ. కాకపోతే మడుగులో దోమపిల్లల్ని తినడానికి చేపలున్నాయి, తూనీగ పిల్లలున్నాయి. మనం పారేసిన టైర్లో, కప్పులో నిలిచిన నీళ్ళలో ఎవరున్నారు తినడానికి? అక్కడ దోమదే రాజ్యం."

వాన పడితే మడుగు ఏం చేస్తుందో చెప్పడానికి బల్లమీద ఒకవైపు తన సంచీలోని టార్పాలిన్ ముక్క, ఇంకోవైపు మందపాటి తువ్వాలు పరిపించి, రెండింటి మీదా చెంబుతో నీళ్ళు పోయించింది. టార్పాలిన్ మీద పోసినవి జర్రున జారి ముందు వరస వాళ్ళ ఒళ్ళో పడ్డాయి. పిల్లలు కేరింతలు కొట్టారు. తువ్వాలు తాగేసి ఊరుకుంది. "మడుగు అదన్నమాట" అని, దారం పంటితో కొరికి, "నీ చెయ్యి అయిపోయిందమ్మా, వెళ్ళి కూర్చో" అంది.

అప్పటినుంచి అక్క ఎక్కడ మాట్లాడాల్సి వచ్చినా అంచు కుట్టే హెమ్మింగు పని ఒకటి చేతిలో పట్టుకునే వెళ్తుంది.

అంతా బాగానే సాగుతోందనుకుంటుండగా మడుగుకి రైలు కట్ట వైపు రాళ్ళూ రప్పలూ పడటం మొదలైంది. ఇళ్ళు పగలగొట్టిన శిథిలాలు. విరిగిన ఇటుకలు, బాత్రూం పలకలు, సిమెంటు పెళ్ళలు. ఎవరో తెల్లారకుండా లారీలో తెచ్చి పోసి పోతున్నారు. ప్రతి ఆదివారం ఒక కుప్ప కొత్తగా కనిపించేది. ఒక కుప్ప కింద జమ్ము, జమ్ములో గూళ్ళు, అన్నీ అణిగిపోయాయి. టీచరు టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడింది.

మిగతావాళ్ళు కుప్పల చుట్టూ తిరుగుతుంటే అక్క ఒకచోట ఆగిపోయింది. రాళ్ళ కింద టార్పాలిన్ ముక్కొకటి ఇరుక్కుని ఉంది. లారీ మీద కప్పేది. అంచు మడత, మూలన మూడు కోణాల పట్టీ, ఆకుపచ్చ దారం. ఆ పని ఎవరిదో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ టార్పాలిన్ తను కుట్టిందే. తన సొంత తమ్ముడు లారీ కొన్న రోజున తన చేత్తో కుట్టి ఇచ్చింది.

మధ్యాహ్నం తమ్ముడింటికి వెళ్ళింది. తమ్ముడు ఇంటి ముందు లారీ కడుగుతున్నాడు. అక్కని చూసి పైపు పక్కన పడేసి, మొహమంతా నవ్వాడు.

"రా అక్కా! ముందే ఫోను చేసుంటే…"

"ఒరేయ్, నేను కుట్టిచ్చిన టార్పాలిన్ ఏదిరా?"

"అదా… ఎక్కడో గాలికి ఎగిరిపోయిందక్కా."

"ఏ వైపు వీచింది గాలి? మా మడుగు వైపా?"

తమ్ముడు నీళ్ళు నమిలాడు. కాసేపటికి మొండికెత్తాడు. "అయితే ఏమైందిప్పుడు? అదేమైనా నీ స్థలమా? ఉత్త బురద. చెత్త పోసే యార్డు ఊరికి ఆ చివర ఉంది, పోయి రావడానికి ఒక పూట పడుతుంది. అందరూ మడుగులోనే పోస్తున్నారు, నేనొక్కణ్ణే పోశానా?"

"అందరి టార్పాలిన్లూ నేను కుట్టలేదురా."

"నువ్వే అనేదానివి కదా, ఎవరైనా పూడిస్తే బాగుణ్ణని!"

అది నిజమే. "అన్నాను. అప్పుడు చూడకుండా అన్నాను. ఇప్పుడు చూశాను. నువ్వూ ఒకసారి వచ్చి చూడు."

"నాకు పనుంది. తమ్ముడికంటే కప్పలు ఎక్కువైపోయాయి నీకు" అని వాడు పైపు తీసుకుని మళ్ళీ లారీ మీదికి నీళ్ళు కొట్టడం మొదలుపెట్టాడు. అక్క గుమ్మం ఎక్కకుండానే తిరిగొచ్చేసింది.

ఆ సాయంత్రం టీచరు దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. "వాడు మా తమ్ముడేనండీ. నన్ను ఇక రావొద్దన్నా అర్థం చేసుకుంటాను."

టీచరు, "పోనీలే, ఇన్నాళ్ళూ ఎవరో అనుకున్నాం. ఇప్పుడు అడ్రసు తెలిసింది" అంది. అక్క ఏడుస్తూ నవ్వింది. మున్సిపల్ ఆఫీసుకి ఫిర్యాదు రాశారు, కుప్పల గురించే రాశారు గానీ పేరు రాయలేదు. ముందు అక్క వాడితో ఇంకోసారి మాట్లాడాలి అనుకున్నారు. కానీ అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. అక్క చేసిన ఫోను వాడెత్తలేదు. తర్వాత ఆవిడా చేయలేదు.

దీంతో ఎక్కువ నష్టపోయింది అత్తగారు. తమ్ముడు వారానికోసారి వచ్చి ఆవిడతో పేకాడేవాడు. ఆవిడ దొంగాట ఆడుతుందని తెలిసీ ఓడిపోయేవాడు. "మీ తమ్ముడితో మాట్లాడవా, మానెయ్. మధ్యలో నా ఆటెందుకు పాడు చేశావ్?" అని ఆవిడ రోజూ గొడవ. కొడుకుతో ఆడదామంటే ఆయన నిజంగానే గెలుస్తాడు.

వానలు మొదలయ్యాయి. ఒక ఆదివారం ఉదయం, అప్పుడప్పుడే వెలుగు వస్తుండగా, కిందింట్లో ఫోను మోగింది. అక్కవాళ్ళాయనకి చెవి కాస్త మందం, ఫోను ఎప్పుడూ స్పీకరులో పెట్టే మాట్లాడతాడు. కిటికీలోంచి నాకూ వినిపించింది.

"బావా, నేను. లారీ దిగబడిపోయింది. అక్కకి చెప్పకు."

"ఏంటీ? అక్కకి ఏం చెప్పొద్దు?"

"అబ్బా, మెల్లగా బావా! రైలు కట్ట పక్కన, మడుగు దగ్గర. లోడుతో ఉంది. ఇరుసు దాకా దిగింది. ఎవర్నీ పిలవలేను. నువ్వొక్కడివే జాకీ పట్టుకునిరా, అక్కకి మాత్రం…"

"సరేరా, అక్కకి చెప్పను!" అని ఆయన వీధంతా వినబడేట్టు అరిచాడు.

అక్క అప్పటికే జుట్టు ముడేసుకుంటోంది. పైకి చూసి, "ఏమండోయ్, లేచారా? పాత చెక్క పలకలేమైనా ఉంటే పట్టుకురండి" అని నన్ను పిలిచింది. టీచరుకి ఫోను చేసింది. ఎటూ ఆదివారం గుంపు వచ్చే వేళే.

మేము వెళ్ళేసరికి లారీ వెనక చక్రాలు బురదలో కూరుకుపోయి, ముందుభాగం ఆకాశం చూస్తోంది. శిథిలాలు పోయడానికి వెనక్కి తీసుకుంటే వానకి నానిన గట్టు దిగిపోయింది. తమ్ముడు చక్రం పక్కన చేత్తో బురద తోడుతున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు. బావ వైపు చూశాడు.

"నేనేం చెప్పలేదురా" అన్నాడు బావ.

అక్క లారీ చుట్టూ తిరిగి చూసింది. తమ్ముణ్ణి ఒక్క మాట అనలేదు. "ముందు బరువు దించాలి. బరువుతో ఇది కదలదు" అంది.

వరసగా నిలబడ్డాం. లారీ మీద ఇద్దరు, కింద మేమంతా. ఇటుకలు, పలకలు, విరిగిన సింకు ఒకటి, చేతులు మారుతూ గట్టు మీదికి, గట్టి నేల మీదికి వెళ్ళాయి. టీచరు కర్ర పక్కన పెట్టి తమ్ముడి పక్కనే నిలబడింది. ప్రతి ఇటుకకీ "పట్టుకో నాయనా" అని అందించింది. వాన సన్నగా పడుతూనే ఉంది. బావకి తన విద్య చూపించే అవకాశం వచ్చింది. చెక్క పలకల మీద జాకీ పెట్టి ఒక్కో చక్రం ఎత్తాడు. ఆదివారాలు మడుగులోంచి తీసి ఎండబెట్టిన గుర్రపు డెక్క మోపులు చక్రాల కింద కుక్కాం. దానిమీద శిథిలాల్లో దొరికిన పాత తలుపు వేశాం. "ఇప్పుడు పోనియ్యి, మెల్లగా. జర్కు ఇవ్వకు" అంది అక్క, ఒకప్పుడు తన కాలికి టీచరు చెప్పినట్టే.

లారీ ఒకసారి ఊగి, మూలిగి, మా అందరి మీదా బురద చిమ్మి, గట్టెక్కింది. అందరం చప్పట్లు కొట్టాం. ఒకరి మొహం ఒకరికి ఆనవాలు తెలియట్లేదు.

లారీ ఖాళీగా ఉంది. ఇటుకల కుప్ప గట్టు మీద ఉంది. తమ్ముడు ఎక్కి వెళ్ళిపోతే అడ్డుకునే ఓపిక ఎవరికీ లేదు. వాడు ఇంజను ఆపి దిగాడు. లారీ వెనక తలుపు మళ్ళీ దించాడు. వంగి ఒక ఇటుక తీసి లారీలో వేశాడు. ఇంకోటి తీశాడు.

"అయ్యో రామా! దించింది ఎందుకు, ఎక్కించేది ఎందుకు? ఇంతకంటే లిఫ్టు పనే నయం" అని బావ నడుం పట్టుకున్నాడు. అని, ఆయనే మొదట వరసలోకి వచ్చాడు. దించేటప్పటికంటే ఎక్కించడానికి ఎక్కువసేపు పట్టింది గానీ, ఈసారి అందరం మాట్లాడుకుంటూ ఎక్కించాం.

"అక్కా, యార్డుకి పోయొస్తా" అన్నాడు తమ్ముడు చివర్లో, స్టీరింగు వైపు చూస్తూ.

"వచ్చేటప్పుడు ఇంటికి రా. మా అత్తయ్య పేకముక్కలు కలుపుకుని కూర్చుంది."

ఆ మాటలు తప్ప వాళ్ళిద్దరి మధ్యా క్షమాపణలూ గట్రా ఏమీ నడవలేదు. చాలా రోజుల తర్వాత నా షాపుకి కళ్ళజోడు కోసం వచ్చినప్పుడు వాడే అన్నాడు: "అక్క తిట్టుంటే బాగుండేదండీ, తిరిగి తిట్టేసి పోయేవాణ్ణి. ఆ ముసలావిడ మోకాలికి పట్టీ కట్టుకుని, నేను పారబోద్దామని తెచ్చిన ఇటుకల్ని నాయనా నాయనా అంటూ అందిస్తుంటే ఏం చెయ్యమంటారు?"

తర్వాత వాడు పాత కుప్పలు కూడా తీశాడు. ఒక్కరోజులో కాదు, లారీకి కిరాయి లేని రోజుల్లో, సణుక్కుంటూ. కొన్ని కుప్పలు అప్పటికే బురదలోకి దిగిపోయి, వాటిమీద గడ్డి మొలిచింది. వాటిని కదిపితే ఇంకా పాడవుతుందని అలాగే వదిలేశాం. ఒక కుప్పలోంచి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వ మీద ఇప్పుడు లకుముకి పిట్ట కూర్చుని చేపల కోసం చూస్తుంటుంది. ఆఫీసువాళ్ళు కూడా మా ఫిర్యాదు చూసి వచ్చారు, ఆలస్యంగానైనా. మడుగు చుట్టూ హద్దురాళ్ళు పాతారు, లారీలు దిగే చోట ఇనుప కమ్మీ అడ్డం పెట్టారు. అయినా ఎవడో ఒకడు సంచీ విసిరేసి పోతూనే ఉంటాడు. మేము తీస్తూనే ఉంటాం. తోటి లారీవాళ్ళకి నచ్చజెప్పే పని తమ్ముడు పెట్టుకున్నాడు. వాడి భాష మేమెవ్వరం మాట్లాడలేం, అక్కడ అదే పనికొస్తుంది.

టీచరు ఇప్పుడు ఎక్కువ దూరం నడవలేదు. ఆదివారాలు వచ్చినవాళ్ళకి మడుగు తిప్పి చూపించే బాధ్యత అక్క మీదే పడింది. షాపు పని వెనకబడిందని అందరూ అంటారు, నిజమే, నా ప్యాంటు ఒకటి ఆవిడ దగ్గర చాలాకాలంగా ఉంది. అడిగితే, "బుడుబుంగలు పిల్లల్ని వీపుమీద ఎక్కించుకుని తిప్పుతున్నాయి, చూశారా?" అంటుంది. ఇక ప్యాంటు సంగతి నేనూ మర్చిపోతాను.

మొన్న ఆదివారం ఏదో బ్యాంకు ఉద్యోగులు కుటుంబాలతో వచ్చారు. అక్క చేతిలో ఎవరిదో గౌను అంచు కుడుతూ ముందు నడిచింది. జమ్ము దగ్గర ఆగి చూపించింది, తూనీగ వదిలేసిన పొట్టు ఆకుకి అంటుకుని ఉంటే పిల్లల చేతుల్లో పెట్టింది. ఒకావిడ నీటి అంచున తోక ఆడిస్తున్న చిన్న పిట్టని చూపించి, అదేం పిట్టండీ అని అడిగింది. అక్క కుట్టు ఆపి కళ్ళు చికిలించి చూసింది.

"తెలీదండీ. ఇదివరకు చూడలేదు. టీచరుగారిని అడిగి చెప్తాను, మీ నంబరు ఇవ్వండి" అంది.

అందరూ వెళ్ళాక మేము ఇంకాసేపు ఆ పిట్టనే చూశాం. అది ఒడ్డు వెంబడి గునగునా నడుస్తూ, ఆగుతూ, బురదలో ఏదో పొడుచుకు తింటూ పోయింది. తర్వాత ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అక్క అన్నం తిని పడుకుంది. సాయంత్రం దాకా లేవలేదట. లేవగానే టీచరుకి ఫోను చేసి, తోకాడించే ఆ పిట్ట పేరేంటని అడిగిందట.